పెట్టె మీద తువ్వాలు

శివమ్మను పోయిన వారం నంద్యాల ఆసుపత్రిలో, మగవాళ్ల వార్డు గుమ్మం దగ్గర వదిలాం. లోపల మంచం మీద శాంతయ్య ఉన్నాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. గుమ్మం బయట శివమ్మ ఊతకర్ర మీద వాలి నిలబడి ఉంది. ఆ గుమ్మం దాటడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఎందుకు చాలలేదో ఒకసారి గుర్తు చేసుకుందాం. శివమ్మకు దొర్నిపాడు దగ్గరి పల్లెలో, కాలువ కింద మిరప తోట ఉంది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమె ఆళ్లగడ్డలో కూతురు సుకన్య ఇంట్లో ఉంటోంది. తోటను చూసేది శాంతయ్య. పంటలో అతనికీ భాగం ఉంది. నడవలేని మనిషి అంత దూరం నుంచి సేద్యం ఎలా చేస్తుందని ఊళ్లో నవ్వుకున్నారు. శివమ్మ ఫోనుతో చేసింది. మోటారుకు డేనియల్ అనే మెకానిక్ ఫోనుతో నడిచే స్టార్టరు పెట్టె బిగించాడు. ఆళ్లగడ్డలో కూర్చుని ఆ పెట్టె నంబరుకు ఫోన్ చేస్తే చాలు, లోపలి నుంచి ఒక ఆడగొంతు పలుకుతుంది, కాలువ గట్టున మోటారు తిరుగుతుంది. కరెంటు పోయినా, ఎవరైనా చేత్తో మోటారు ఆపినా ఆ పెట్టే ఫోన్ చేసి చెబుతుంది. ఆ గొంతుకు శివమ్మ 'పెట్టెలో పిల్ల' అని పేరు పెట్టుకుంది. "ఆ పిల్లకు పెండ్లయిందేమో కనుక్కో అక్కా, మా ఊళ్లో సంబంధం ఉంది" అని శాంతయ్య ఎగతాళి చేసేవాడు.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. మోటారు బాగు చేసేటప్పుడు ఎవరూ ఫ్యూజులు పీకరు. స్టార్టరు పెట్టె మీద తువ్వాలు వేస్తారు. తువ్వాలు కనిపిస్తే ఎంత గొడవ పడ్డవాడైనా ఆ పెట్టె ముట్టుకోడు. వేసినవాడే వచ్చి తీయాలి. ఫోనుకు తువ్వాలు కనిపించదు కదా. అందుకని శివమ్మా శాంతయ్యా ఒక మాట అనుకున్నారు. ముందు శాంతయ్యకు ఫోన్ చేసి "తువ్వాలుందా?" అని అడగాలి. "లేదక్కా, ఏసుకో" అని అతను చెప్పాకే పెట్టెకు ఫోన్ చేయాలి.

ఆ ఉదయం శివమ్మ ఆలస్యంగా లేచింది. ముందు రాత్రంతా దగ్గు. కాలువలో తన నీళ్ల వంతు దాటిపోతుందని ఆత్రపడింది. శాంతయ్యకు చేసింది, అతను ఎత్తలేదు. పెట్టెకు చేసేసింది. కాసేపటికి పక్క పొలం వెంకటేష్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. శాంతయ్య చెయ్యి మోటారులో పడిందని.

ఇక ఈ వారం.

* * *

వార్డు గుమ్మంలో అడ్డంగా నిలబడింది శాంతయ్య భార్య ఓబులమ్మ. ఎప్పుడూ అక్కా అని పిలిచే మనిషి.

"ఏమ్మా, మల్ల వచ్చినావా?" అంది.

అక్కా పోయి అమ్మా వచ్చిందని శివమ్మకు అర్థమైంది. "ఒక్కసారి చూసి పోతా ఓబులమ్మా."

"ఆయప్ప నీ మొగం చూడనంటాండాడు. నేనేం జేసేది?"

"చూడకపోతే మానె. నేనే చూస్తా."

"చూసి?" ఓబులమ్మ గొంతు పెరిగింది. "మేమేమన్నా మీ ఫోన్లు, మీ పెట్టెలు అడిగినామా? కూసున్న కాడి నుంచి సేద్యం జేస్తానంటివి. చేస్తివి. రెండు చేతియేళ్లు తీసేసినార్రా దేవుడా. బొటనయేలు కూడా నిలుస్తాదో లేదో రేపు గానీ చెప్పరంట. ఇంగ ఆ చేత్తో పార పట్టుకోవల్లంటే ఎట్ల?"

వరండాలో నడిచే వాళ్లు ఆగి చూశారు. శివమ్మ తలదించుకుంది. పక్కనున్న బెంచీ మీద సుకన్య టిఫిన్ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆళ్లగడ్డలో ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టి, ఆ ఆదాయంతో తల్లిని చూసుకుంటున్న మనిషి. శాంతయ్యను ఈ ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచి తల్లిని రోజూ బస్సులో తీసుకొస్తూనే ఉంది. వార్డులోకి మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదు. మందుల వాసన పడదని చెప్పింది.

అప్పుడు రాజశేఖర్ వచ్చాడు. శివమ్మ కొడుకు. నూనెపల్లెలో ఎరువుల అంగడి. అంగడి మూసి వచ్చినట్టున్నాడు, చేతులకు ఇంకా తెల్లటి పొడి అంటుకునే ఉంది. తెచ్చిన మందులు ఓబులమ్మకు ఇచ్చి, తల్లి వైపు తిరిగాడు.

"ఆ ఫోను ఇట్టియ్ మా."

"ఏంటికి?"

"ఏంటికంటావేంది? మనిషి చెయ్యి పాయ. ఇంగా ఏంటికనే అంటాండావ్." ప్లాస్టిక్ కవర్లోంచి ఒక చిన్న ఫోన్ తీశాడు. "బటన్ల ఫోను తెచ్చినా. నా నంబరు, చెల్లెలి నంబరు ఏసినా దీంట్లో. పచ్చది నొక్కితే మాకొస్తాది. నీకు ఇంగ దేంతో పని?"

"బటన్ల ఫోన్‌తోనూ మోటారు ఏసేయొచ్చు నాయనా. ఆ పెట్టెకు రెండూ ఒకటే."

"సిమ్ము నా కాడ పెట్టుకుంటా. అప్పుడెట్ల ఏస్తావ్?"

"మరి తోట?"

"కౌలుకిచ్చేస్తాండా. మాట్లాడినా."

శివమ్మ ఫోనును కొంగు కిందికి లాక్కుంది. రాజశేఖర్ చెడ్డవాడు కాదు. శాంతయ్య వైద్యానికి అడక్కుండానే ముందుకొచ్చాడు. పోలీసులు వస్తారేమో, తల్లిని స్టేషన్‌కు పిలుస్తారేమో అని అతని భయం. ఊళ్లో నలుగురూ తననే అంటారని ఇంకొంచెం భయం. అన్నీ ఆమెకు తెలుసు. అయినా కౌలు అన్న ఆ ఒక్క మాట ఆమెకు మింగుడు పడలేదు.

తుంటి విరిగి మంచం మీద పడున్న రోజులు గుర్తొచ్చాయి. ఎవరు పల్లె నుంచి వచ్చినా తోట ఎట్లుందని అడిగేది. "బాగుంది లే" అనేవాళ్లు. ఆ మాట వినీ వినీ ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ముసలివాళ్లకు ఏదీ చెప్పదలచుకోనప్పుడు చెప్పే మాట అది. తిన్నావా, పడుకో, బాగుంది లే. గోడకేసి తిరిగి పడుకోవడం అప్పుడే అలవాటైంది. ఒక మధ్యాహ్నం సుకన్య ఆమె వేలు పట్టుకుని ఫోను మీద పెట్టింది. శాంతయ్య తెర మీద కనిపించాడు. "ఆకు తిప్పప్పా. కిందపక్క చూపియ్" అంది శివమ్మ. ఆకు కింద ముడత కనిపించింది. బాగుంది లే అన్న తోట బాగా లేదు. ఆ రోజే మంచం మీద లేచి కూర్చుని, ఏ మందు కొట్టాలో తనే చెప్పింది. ఆ తర్వాత వాతావరణం చూడటం, నంద్యాలలో ధరలు అడగటం, అన్నీ ఒక్కొక్కటే నేర్చుకుంది. బాగుంది లే అన్న మాటతో ఆమెను ఎవరూ పడుకోబెట్టలేకపోయారు.

ఇప్పుడు ఆ ఫోనే ఇమ్మంటున్నాడు.

"ఇచ్చెయ్ మా," అంది బెంచీ మీద నుంచి సుకన్య, తల ఎత్తకుండా. "మనకొద్దు అదంతా."

శివమ్మ ఆశ్చర్యపోయి చూసింది. "నువ్వా ఈ మాట చెప్పేది? దీన్ని నాకు నేర్పిందే నువ్వు గదా."

సుకన్య ఫ్లాస్కు మూత బిగించింది. బిగుసుకునే ఉన్న మూతను ఇంకా బిగించింది.

"ఇస్తా," అంది శివమ్మ చివరకు కొడుకుతో. "శాంతయ్యతో మాట్లాడినాక ఇస్తా. ఆయప్ప ఇచ్చెయ్ అంటే ఇచ్చేస్తా. నువ్వు చెప్తే కాదు."

ఓబులమ్మను పక్కకు తప్పుకోమని అడగలేదు. కర్ర ముందుకు వేసింది. ఓబులమ్మే తప్పుకుంది.

* * *

శాంతయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. శివమ్మ ఇనుప స్టూలు లాక్కుని కూర్చుంది. తుంటి కలుక్కుమంది.

"శాంతయ్యా."

అతను ఎడమచేత్తో దుప్పటి పైకి లాక్కున్నాడు.

"తిట్టప్పా. తిట్టు. ఊరికే ఉండొద్దు."

పక్క మంచం మీద ముసలాయన దిండు సర్దుకుని ఇటు తిరిగాడు. వార్డులో ఏది జరిగినా ఆయనకు కాలక్షేపమే. శివమ్మ పట్టించుకోలేదు.

శాంతయ్య గోడతో అన్నట్టుగా అన్నాడు. "తువ్వాలు ఏసినా అక్కా."

"ఊ."

"ఊరికే ఏయలే. గాలికి పోతాదని ముడేసినా."

"వెంకటేషు చెప్పినాడు. తను వచ్చి చూసేసరికి గూడా ముడి అట్లే ఉండెనంట."

"అడగల్లని అనుకుంటిమి గదా మనం?"

"ఫోన్ చేసినా. నువ్వెత్తలే."

"ఎత్తకపోతే ఏయొద్దని గూడా అనుకుంటిమి."

శివమ్మ తల ఊపింది. "అనుకుంటిమి. నేనే మాట తప్పినా. నీళ్ల వంతు పోతాదని ఆత్రం పడినా. నీకు పని ఉండి ఎత్తలేదేమో, గట్టు మీద ఉంటావులే అనుకున్నా. అట్ల అనుకోకూడదు."

శాంతయ్య ఇటు తిరిగాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ఇన్నాళ్లుగా రోజూ తెర మీద చూస్తున్న ముఖమే, మరో మనిషిదిలా ఉంది.

"ఎట్లయిందో నీ నోట చెప్పు," అంది. "ఎవురెవురో చెప్పింది ఇన్నా. నువ్వు చెప్పింది ఇనలే."

"ఏముంది చెప్పేకి. పంపు ఇరుసు చుట్టూ, గ్లాండు కాడ, నీళ్లు కారతాండె. నీళ్లు ఆపేకి దాంట్లో చుట్టే తాడు మార్దామని కూసుంటి. గ్రీసు అంటుతాదని సొక్కా ఇప్పి గట్టు మీద పెడితి. ఫోను దాంట్లోనే ఉండె. పాత తాడు పీకినా. కొత్తది యేలితో లోపలికి నెడ్తాండా. మోటారు గుర్రుమన్నాది. అంతే. ఎనక్కి పడినా. రక్తం కనపడ్తాంది గానీ నొప్పి తెలీలే. అప్పుడు సొక్కాలో ఫోను మోగుతాంది. ఎట్లన్నా ఎత్తి ఎవురినన్నా పిలుద్దామని చూస్తి. లెయ్యలేకపోతి. మోగి మోగి ఆగిపాయ."

శివమ్మ కర్రను గట్టిగా పట్టుకుంది.

"మల్ల చెప్పు. ఫోను ఎప్పుడు మోగింది?"

"చెప్తి గదా. పడినంక."

"పడినంకనా? ముందు కాదా?"

"ముందు మోగింటే ఎత్తకపోదునా? చేతికందే దూరంలో ఉండె సొక్కా. నీ ఫోను ఎప్పుడన్నా ఎత్తకుండా ఉన్నానా అక్కా?"

"ఇంకెవురన్నా చేసిండొచ్చు నీకు."

"వెంకటేషు చూసినాడు నా ఫోను. నీ ఒక్క ఫోనే వచ్చిండేది ఆ పొద్దు."

శివమ్మ కళ్లు మూసుకుంది. ఆ ఉదయాన్ని మళ్లీ మొదటి నుంచి నడిపించుకుంది. లేచింది. ఫోను తీసింది. ముందు శాంతయ్యకు చేసింది. మోగింది, ఎత్తలేదు. ఆ తర్వాత పెట్టెకు చేసింది. ఇందులో తికమక ఏమీ లేదు, రోజూ చేసే వరసే. కానీ శాంతయ్య ఫోను మోగేసరికే అతను కింద పడి ఉన్నాడు. అంటే అప్పటికే మోటారు తిరుగుతోంది. తను ఇంకా పెట్టెకు ఫోనే చేయలేదు.

"శాంతయ్యా," అంది మెల్లగా. "నేను నీకు చేసినాకే పెట్టెకు చేసినా. నేను పెట్టెకు చేయకముందే మోటారు తిరిగిందప్పా."

ఓబులమ్మ మంచం దగ్గరికి వచ్చింది. "ఏందీ అంటాండావు?"

గుమ్మంలో నిలబడ్డ రాజశేఖర్ నుదురు రుద్దుకున్నాడు. "చాలు మా. దెబ్బ తిన్నోనికి ఏది ముందు, ఏది ఎనక తెలుస్తాదా? ఆయప్పకు స్పృహే లేకుండె. చేసింది చేసినామని ఒప్పుకోని ఇంటికి పోదాం. తప్పించుకునేకి చూడొద్దు."

"స్పృహ లేదని నువ్వు చూసినావా?" ఓబులమ్మ గబుక్కున తిరిగింది. "ఆయప్ప చెప్పేది అబద్ధమా మల్ల? నీకు తెలిసిందా, పొలంలో పడినోనికి తెలిసిందా?"

శివమ్మ అప్పటికే ఫోను తీసి, కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఆ పొద్దు పెట్టెలో పిల్ల నాకు ఏం చెప్పిందో నేను సరిగ్గా ఇనలే," అంది. "రోజూ ఆఖరున ధన్యవాదాలు అంటాది. నేను గూడా మంచిది పిల్లా అంటా."

"దాంతో మాట్లాడ్తావా నువ్వు?" అన్నాడు పక్క మంచం ముసలాయన.

"మాట్లాడినోళ్లతో మాట్లాడల్ల గదా. ఆ పొద్దు మంచిది పిల్లా అనలే నేను. ఎందుకు అనలేదంటే, అది ధన్యవాదాలు అనలే. ఇంకేందో చెప్తాండె, దగ్గొచ్చి పెట్టేసినా. ఏం చెప్పిందో ఇప్పుడు చూద్దాం."

ముందు వెంకటేష్‌కు చేసింది. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"యాడుండావు వెంకటేషూ?"

"మీ తోట కాడే పెద్దమ్మా. నీళ్లు కడదామని వచ్చినా. తోట వాడిపోతాందని నిన్న నేనే పంపుకు తాడు చుట్టినా. శాంతయ్య మామ ఎట్లుండాడు?"

"ఈడనే ఉండాడు, ఇంటాండాడు. మోటారు కాడ ఎవురన్నా ఉండారా?"

"ఎవురూ లేరు."

శివమ్మ ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది. "తువ్వాలుందా?"

శాంతయ్య కళ్లు మూసుకున్నాడు.

"లేదు పెద్దమ్మా. ఇంగ ఎవురూ తువ్వాలు నమ్ముకోలే. ఫ్యూజులు పీకి జేబులో ఏసుకుంటాండాం అందరం."

"మంచి పని. ఇప్పుడు ఫ్యూజులు ఏసి, గట్టు దిగి దూరంగా పో. కుక్క గూడా ఉండకూడదు ఆడ. పోయినాక చెప్పు."

ఫోనులో గాలి చప్పుడు, చెప్పుల చప్పుడు వినిపించాయి. "ఆ, దిగినా. చింతచెట్టు కాడ ఉండా" అన్నాడు. శివమ్మ ఫోను పెట్టేసి, పెట్టె నంబరు కొట్టింది.

చక్కటి ఆడగొంతు వార్డంతా వినిపించింది. "మీ మోటారు ఆన్ చేయబడింది. ధన్యవాదాలు."

"బో చక్కగా మాట్లాడ్తాందే," అన్నాడు ముసలాయన.

"ఇది రోజూ చెప్పేది," అంది శివమ్మ. మళ్లీ అదే నంబరు కొట్టింది.

"మీ మోటారు ఇప్పటికే ఆన్‌లో ఉంది. ఆఫ్ చేయుటకు..."

"ఇదే." శివమ్మ ఫోను కట్ చేసింది. "ఇదే శాంతయ్యా. ఆ పొద్దు నాకు చెప్పింది ఈ రెండో మాట. ఇప్పటికే అన్నాది. నేను చేసేటప్పటికి మోటారు తిరుగుతానే ఉండాది."

ఓబులమ్మ మంచం అంచున కూలబడింది. తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఉన్నాయి, ఎవరిని తిట్టాలో తెలియలేదు.

శాంతయ్య ఎడమచేత్తో దుప్పటి నలుపుతూ అన్నాడు. "నువ్వు కాదన్నమాట."

"నేను కాదు. కానీ నేను గూడా ఏయబోయినా. నువ్వు ఎత్తకుండానే ఏయబోయినా. అది నా తప్పే, దాంట్లో మార్పు లేదు."

"ఏయబోయేది యేరు, ఏసేది యేరు అక్కా," అన్నాడు శాంతయ్య. ఆసుపత్రికి వచ్చాక ఆమెతో అతను కొంచెం మెత్తగా అన్న మాట అదే. శివమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. కళ్లు తుడుచుకుంటోందని అందరికీ తెలిసింది.

"మరి ఎవురేసినారు?" ఓబులమ్మ అడిగింది.

* * *

శివమ్మ తల తిప్పి కొడుకు వైపు చూసింది.

"నన్ను చూస్తావేంది?" రాజశేఖర్ ఉలిక్కిపడ్డాడు.

"ఆ పెట్టె ఎవురు చేసినా పలకదు. దాంట్లో ఎక్కించిన నంబర్లకే పలుకుతాది. నా ఫోను పోతే కష్టమని ఇంగో నంబరు గూడా పెట్టుకోవచ్చని డేనియల్ చెప్పినాడు. పెట్టినాడో లేదో నాకు తెల్దు."

"నా నంబరా? నేనాడికి వచ్చిందెప్పుడు? ఆ పెట్టె మొగం గూడా చూడలే నేను. అది బిగించే పొద్దు నువ్వు మంచంలో ఉంటివి, నేను అంగట్లో ఉంటి. పొలం కాడికి పోయింది..."

అక్కడ ఆగిపోయాడు. మొహం మీది కోపం అలాగే ఉంది, దాని వెనుక మరేదో వచ్చి నిలబడింది. గుమ్మంలోంచి వరండా వైపు ఒకసారి చూసి, మళ్లీ ఇటు తిరిగాడు.

"సరేలే మా," అన్నాడు, గొంతు తగ్గించి. "ఎవురేసినా ఏసినట్టే. ఇంగ దాన్ని తవ్వేది ఏంటికి?"

ఇప్పటిదాకా ఒప్పుకో ఒప్పుకో అన్నవాడు ఇలా అనడం శివమ్మకు వింతగా తోచింది. "తవ్వల్ల. డేనియల్‌నే అడుగుదాం" అంటూ ఫోనులో పేరు వెతికింది.

"మా, టిఫిను చల్లారిపోతాంది," వరండాలోంచి సుకన్య పిలిచింది. "రా, తిందువు. పొద్దన నుంచి ఏం తినలే."

శివమ్మ లేచింది. వచ్చి తింటూ డేనియల్‌కు చేద్దామనుకుంది. కర్ర అందుకుని గుమ్మం దాకా వచ్చేసరికి చేతిలో ఫోను మోగింది. పెట్టె నంబరు. ఎత్తింది.

"మీ మోటారు ఆగిపోయింది."

వెంకటేష్ చేత్తో ఆపి ఉంటాడు. తాడు సరిగా కూర్చోలేదేమో, మళ్లీ కారుతోందేమో. ఫోను పెట్టేసింది.

పెట్టేయగానే మరో ఫోను మోగింది.

అది బెంచీ మీది టిఫిన్ సంచీలో మోగుతోంది. సుకన్య ఒడిలో. సుకన్య కదల్లేదు. సంచీ నోటిని రెండు చేతులతో మూసి పట్టుకుంది. మోత కాస్త తగ్గిందే గానీ ఆగలేదు.

"నీ ఫోను," అంది శివమ్మ.

"ఎవురో జాకెట్ల కోసం. తర్వాత చేస్తాలే."

మోగి ఆగిపోయింది. సుకన్య ఊపిరి వదిలింది. ఆ వెంటనే మళ్లీ మోగింది. పెట్టెలో పిల్ల సంగతి శివమ్మకు బాగా తెలుసు. ఎత్తేదాకా అది వదలదు. ఆగి ఆగి చేస్తూనే ఉంటుంది.

శివమ్మ బెంచీ దగ్గరికి నడిచింది. గుమ్మం నుంచి బెంచీ ఎంతో దూరం లేదు. అయినా తుంటి విరిగిన కొత్తలో గోడ పట్టుకుని నడిచినట్టుగా నడిచింది.

"ఎత్తు తల్లీ."

సుకన్య తల ఎత్తింది. కళ్లనిండా నీళ్లు. ఇన్ని రోజులు వార్డులోకి రాని మనిషి, తల్లి కళ్లలోకి సూటిగా చూడని మనిషి, ఇప్పుడు చూసింది.

"రాత్రంతా దగ్గినావు మా," అంది. "అప్పుడే కన్ను మూసినావు. నీళ్ల వంతు పోతాదని... లేపబుద్ధి కాలే. నేనే పెట్టెకు చేసినా. ఆయప్పకు ఫోన్ చేసి అడగల్లని నాకు తెల్దు మా. నువ్వెప్పుడూ చెప్పలే."

సంచీలో ఫోను మోగుతూనే ఉంది. శివమ్మ కర్రను బెంచీకి ఆనించి, వంగి, సంచీ తెరిచి, ఆ ఫోను తనే తీసింది. తెర మీద పేరు లేదు. ఆమెకు కంఠతా వచ్చిన నంబరు ఉంది. ఎత్తింది. చెవికి దగ్గర పెట్టుకోలేదు. పెట్టకపోయినా వినపడింది.

"మీ మోటారు ఆగిపోయింది."

రాజశేఖర్ వెనకనే వచ్చి నిలబడ్డాడు. వార్డు గుమ్మానికి అడ్డంగా, లోపలివాళ్లకు ఏమీ కనపడకుండా. వంగి తల్లి చెవి దగ్గర గొణిగాడు.

"చెప్పొద్దు మా. గమ్మునుండు. ముసలిదానివి, ఫోన్ సరిగ్గా రాదు, నిన్నెవురూ ఏమనరు. దానికి ఇద్దరు పిల్లోళ్లు. ఓబులమ్మోళ్లు రేపు కేసంటే ఎట్ల? తప్పు నీదే అనుకుంటాండ్రి గదా ఇన్నాళ్లు. అట్లనే ఉండనీ."

తెచ్చిన బటన్ల ఫోను ఇంకా అతని చేతిలోనే ఉంది.

లోపల మంచం కిర్రుమంది. శాంతయ్య లేచి కూర్చున్నట్టున్నాడు.

"అక్కా," అని పిలిచాడు. "ఆ పిల్ల గొంతు మల్ల ఇనపడ్తాంది. ఎవురి ఫోనది?"

రెండు ఫోన్లు రెండు చేతుల్లో పట్టుకుని, శివమ్మ వార్డు వైపు తిరిగింది.